అంటు

‘అంటు’కు తెలుగులో పెద్ద సంసారమే ఉంది. పండగ పూట తలంటు, తోటలో అంటుమామిడి, పెరట్లో అంట్లు, గడ్డివాముకు అంటుకున్న నిప్పు. తాకడం, పట్టి ఉండడం, పాకిపోవడం అన్నీ ఈ రెండక్షరాల్లోనే. సాటి మనిషిని వెలివేసిన ‘అంటరాని’ కూడా ఇందులోంచే వచ్చింది. అందుకే రోగం దగ్గర ఈ మాటను చూసి వాడాలి.

క్యాన్సర్ అంటురోగం కాదు. అయినా రోగికి కంచం, గ్లాసు వేరుపెట్టే ఇళ్లున్నాయి. నిజానికి ఒంట్లో అది పాకే తీరు చూస్తే, చాలాసార్లు కణాల మధ్య అంటు ఊడిపోవడంతోనే పని మొదలవుతుంది.

కణాన్ని కణానికి పట్టి ఉంచే ప్రోటీన్లలో ముఖ్యమైనది ఇ-క్యాడ్‌హెరిన్. జపాన్ శాస్త్రవేత్త మసతోషి తాకెయిచి 1980లలో పెట్టిన క్యాడ్‌హెరిన్ అనే పేరులో కాల్షియమూ ఉంది, అంటుకోవడమూ ఉంది. కాల్షియం తగిలితేనే ఈ ప్రోటీన్ బయటి భాగం బిగుసుకుని, పక్క కణం మీది తన జోడీని పట్టుకుంటుంది. లోపలి కొస బీటా-కెటెనిన్ సాయంతో కణపు అస్థిపంజరానికి ముడిపడి ఉంటుంది. రొమ్ములో వచ్చే లోబ్యులర్ క్యాన్సర్‌లో ఎక్కువగా ఈ ప్రోటీనే కనిపించదు. అప్పుడు మైక్రోస్కోప్ కింద కణాలు గుంపు కట్టవు, చీమల బారులా ఒకదాని వెనక ఒకటి సాగుతాయి.

న్యూజిలాండ్‌లో ఒక మావోరీ కుటుంబాన్ని జీర్ణాశయ క్యాన్సర్ తరతరాలుగా పీడించింది. ఇ-క్యాడ్‌హెరిన్‌ను తయారుచేసే జన్యువులోని లోపమే దానికి మూలమని 1998లో ప్యారీ గిల్ఫర్డ్ బృందం తేల్చింది. ఒకే ఇంట్లో ఇంతమందికి వస్తే అంటిందనే అనుకుంటారు ఎవరైనా. వంశంలో దిగడం వేరు, అంటడం వేరు.

అలాగని ఈ ప్రోటీన్‌ను కేవలం కాపలాదారు అనుకోలేం. 2019లో జాన్స్ హాప్కిన్స్‌లో ఆండ్రూ ఎవాల్డ్ బృందం ఎలుకల రొమ్ము క్యాన్సర్ కణాల్లోంచి దాన్ని తీసేసి చూసింది. కణాలు చుట్టుపక్కలకి మరింత చొచ్చుకుపోయాయి కానీ, చాలావరకు చచ్చిపోయి, దూరపు అవయవాల్లో గడ్డలు కట్టడం తగ్గింది. ఊరు విడిచినా బతకాలంటే వాటికీ అంటు కావాలన్నమాట!

ఈ ప్రోటీన్ పనికి పుస్తకాల్లో సంస్కృత పదాలు వెతుక్కోనక్కర్లేదు. ‘అంటు ప్రోటీన్’ అంటే పిల్లలకూ తెలుస్తుంది. రోగి దగ్గర మాత్రం ‘పాకింది’ అందాం, ‘అంటుకుంది’ అనవద్దు.