రొంటిన దోపుకున్న అడకత్తెర

వెంట ఉంచుకునే మడత కత్తి అనగానే రాంపూర్ చాకో, 1890లో ఫ్రాన్సులో పుట్టిన ఒపినెల్ చాకో గుర్తొస్తుంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆ చోటు అడకత్తెరదేనని నా వాదన. ఇక్కడి పైర్లకు చాకుతో పని పడలేదు. విచ్చిన కాయలోంచి పత్తిని వేళ్లతోనే తీయాలి, పండుమిరపను తొడిమతో సహా చేత్తోనే కోయాలి. కొట్టాల్సినవాటికి కమ్మరి చేసిన కొడవలి ఉంది. పైగా మడత పిడి సందులో నల్లరేగడి మట్టి దూరితే అలుగు మొరాయిస్తుంది. అడకత్తెర కట్టు వేరు. రెండు చేతులు ఒక కొసన ఒకే రివెట్టుతో కలుస్తాయి. పై చేతికి అలుగు, కింది చేతిమీద వక్క నిలిచే చోటు. అంతా బయటికే ఉంటుంది కాబట్టి పంచె చెంగుతో తుడిస్తే చాలు. మూస్తే పదును లోపలికి పోతుంది, రొంటిన దోపుకున్నా గుచ్చుకోదు.

వక్క కత్తిరించేదాన్ని కత్తి అంటారా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే భోజనం తర్వాత, పంచాయితీ అరుగుమీద, పెళ్లి మాటల్లో పదేపదే చేతికొచ్చిన అలుగు అదే. గీత కార్మికుడి నడుమున కత్తి ఉండేది నిజమే, అది మడవదు, చెట్టు పనికే పరిమితం. చట్టం భయంతో చాకు రాలేదనడమూ నిలవదు. 1962 ఆయుధ నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులనే లెక్కలోకి తీసుకున్నాయి, ఇంటి, సేద్యపు పనిముట్లను వదిలేశాయి. చివరికి అడకత్తెరను ఇంటి మూలకు నెట్టింది పొట్లాల్లో వచ్చిన వక్కపొడి. చిలక, నెమలి ఆకారాల్లో పోతపోసిన ఇత్తడివి ఇంకా పాత పెట్టెల్లో ఉన్నాయి. వాటిని తూకానికి అమ్మేయకుండా మన మ్యూజియాలు ఇప్పుడే సేకరించాలి.