ధర అదే.. బరువు తగ్గింది! రూ.10 ప్యాకెట్‌పై ఏం చూడాలి? ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

జమ్మికుంట పత్తి మార్కెట్‌లో తూకం వేసేటప్పుడు రైతు కళ్లు కాంటా మీదే ఉంటాయి. తేమ ఎంత చూపించింది, తరుగు ఎంత తీశారు.. కిలో తేడా వచ్చినా నిలదీస్తాడు. అదే రైతు ఇంటికి పోతూ కిరాణా దుకాణంలో కొన్న రూ.10 గిన్నెల సబ్బులో 20 గ్రాములు తగ్గితే మాత్రం గమనించడు. ధర మారలేదు, రేపర్ రంగు మారలేదు. మారింది వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న అంకె ఒక్కటే.

దీన్నే ‘ష్రింక్‌ఫ్లేషన్’ అంటున్నారు. అంటే ధర పెంచకుండా సరుకు తగ్గించడం. ఇది చట్టవిరుద్ధమా? వినియోగదారుడు ఏం చేయొచ్చు? వివరాలు ఇవీ..

కంపెనీలు ఎందుకిలా చేస్తాయి?

రూ.5, రూ.10 అనేవి జేబులో ఉండే నాణెం, నోటుకు సరిపోయే ధరలు. రూ.10 ప్యాకెట్‌ను రూ.11.50 చేస్తే చిల్లర సమస్య వస్తుంది, కొనేవాళ్లు పక్క బ్రాండ్‌కు మళ్లుతారు. అందుకే ముడిసరుకు ఖర్చు పెరిగినప్పుడు ధరను అలాగే ఉంచి గ్రాములు తగ్గిస్తారు.

2022లో ఇదే జరిగింది. ఉక్రెయిన్ యుద్ధం, ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులపై నిషేధంతో నూనెల ధరలు ఎగబాకాయి. ఆ ఏడాది వచ్చిన వార్తా కథనాల ప్రకారం రూ.10 విమ్ బార్ 155 గ్రాముల నుంచి 135 గ్రాములకు, రూ.10 హల్దీరామ్ ఆలూ భుజియా 55 గ్రాముల నుంచి 42 గ్రాములకు తగ్గాయి.

లెక్క వేస్తే సబ్బు గ్రాము ధర దాదాపు 15 శాతం, భుజియా గ్రాము ధర దాదాపు 31 శాతం పెరిగినట్టు. పెద్ద ప్యాకెట్ కొనే స్తోమత ఉన్నవాళ్లకు పెరిగిన ధర ఎమ్మార్పీలో కనిపిస్తుంది. రోజు కూలి మీద బతుకుతూ ఏ రోజు సరుకు ఆ రోజు కొనుక్కునేవాళ్లకే ఇది కనిపించకుండా తగులుతుంది.

ఇది చట్టవిరుద్ధమా?

కాదు. ప్యాకెట్‌పై రాసిన బరువు లోపల ఉంటే చాలు. బరువు తగ్గించినట్టు ముందుగా చెప్పాలన్న నిబంధన మన దగ్గర లేదు. ఫ్రాన్స్‌లో మాత్రం 2024 జులై 1 నుంచి పెద్ద దుకాణాలు అలాంటి సరుకుల దగ్గర రెండు నెలల పాటు బోర్డు పెట్టాలి.

రాసిన దానికన్నా లోపల తక్కువ ఉంటే అది వేరే సంగతి. అది నేరం. అయితే ప్యాకింగ్‌లో వచ్చే చిన్న తేడాలకు ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు–2011 కొంత మినహాయింపు ఇచ్చాయి. 50 గ్రాముల లోపు ప్యాకెట్‌లో 9 శాతం, 100 గ్రాముల ప్యాకెట్‌లో 4.5 గ్రాములు, 500 గ్రాముల నుంచి కిలో వరకు 15 గ్రాములు. ఒక ప్యాకెట్‌లో ఇంత తేడా ఉన్నా, మొత్తం లాట్ సగటు మాత్రం రాసిన బరువుకు తగ్గకూడదు.

నిబంధన ఎప్పుడు మారింది?

ఒకప్పుడు బిస్కెట్లు, టీ పొడి, కాఫీ, ఉప్పు, వంటనూనె, సబ్బులు, పిండి, పాలపొడి సహా 19 రకాల సరుకులను నిర్ణీత సైజుల్లోనే ప్యాక్ చేయాలన్న నియమం ఉండేది. 2021 నవంబరులో కేంద్రం తెచ్చిన సవరణ ఆ జాబితాను తొలగించింది. కొన్ని వాయిదాల తర్వాత అది అమల్లోకి వచ్చింది. కంపెనీలు ఇప్పుడు ఎన్ని గ్రాములైనా ప్యాక్ చేసుకోవచ్చు.

బదులుగా ‘యూనిట్ సేల్ ప్రైస్’ ముద్రించడం తప్పనిసరి చేశారు. కిలోలోపు ప్యాకెట్‌పై గ్రాము ధర, కిలో దాటితే కిలో ధర, లీటరులోపు అయితే మిల్లీలీటరు ధర ఉండాలి. ఎమ్మార్పీ పక్కనే లేదా కింద చిన్నగా ‘యూఎస్‌పీ’ అని కనిపిస్తుంది. 10 గ్రాములు, అంతకంటే తక్కువ ఉండే ప్యాకెట్లకు ఈ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది.

యూఎస్‌పీ చూస్తే సరిపోతుందా?

చౌక సరుకులకు సరిపోదు. ఈ ధరను రెండు దశాంశాలకు, అంటే పైసాకు సర్దుతారు. రూ.10 సబ్బు 150 గ్రాములున్నా, 134 గ్రాములున్నా గ్రాము ధర రూ.0.07 అనే వస్తుంది. మధ్యలో 16 గ్రాములు మాయమైనా ఆ అంకె కదలదు.

అందుకే ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ వాడండి. ధరను గ్రాములతో భాగించి 100తో గుణించండి. 150 గ్రాముల సబ్బు 100 గ్రాములకు రూ.6.67 పడుతుంది. 134 గ్రాములదైతే రూ.7.46.

వంటనూనెతో జాగ్రత్త

లీటరు నూనె బరువు దాదాపు 910 గ్రాములు. ఇప్పుడు 850, 800, 750 గ్రాముల పౌచ్‌లు కూడా చూడటానికి లీటరు ప్యాకెట్ల లాగే ఉంటున్నాయి. ఉదాహరణకు 910 గ్రాముల ప్యాకెట్ రూ.140, 850 గ్రాముల పౌచ్ రూ.136 అనుకుందాం. రూ.4 తక్కువకే వచ్చిందనిపిస్తుంది. కానీ 100 గ్రాములకు మొదటిది రూ.15.38, రెండోది రూ.16. పౌచ్ తీసుకునే ముందు గ్రాముల అంకె చూడండి.

దుకాణంలో కట్టిన ప్యాకెట్ల సంగతి?

కిరాణా దుకాణంలో ముందే తూచి కవర్లలో కట్టి పెట్టిన పప్పు, చక్కెర కూడా చట్టం దృష్టిలో ప్యాకేజ్డ్ సరుకే. వాటిపైనా వివరాలుండాలి. అనుమానం ఉంటే అక్కడే కాంటాపై పెట్టమనండి. కాంటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

* ముందుగా ప్యాకెట్‌పై ఉండే కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు ముద్రించడం తప్పనిసరి.
* జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు కాల్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు. వాట్సాప్ నంబరు 88000 01915.
* బరువు తక్కువ, ఎమ్మార్పీ కంటే ఎక్కువ వసూలు, యూఎస్‌పీ లేకపోవడం వంటి వాటిపై తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయాలి.
* పరిహారం కావాలంటే కరీంనగర్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. ఈ-జాగృతి పోర్టల్‌లోనూ కేసు వేయొచ్చు. కొన్న సరుకు విలువ రూ.5 లక్షల వరకు ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి.

బిల్లు, తెరవని ప్యాకెట్, బ్యాచ్ నంబరు కనిపించేలా తీసిన ఫొటో దగ్గర ఉంచుకోండి. తెరిచిన ప్యాకెట్‌తో తూకం తక్కువని నిరూపించడం కష్టం.

బరువు పెరగడమూ ఉంటుందా?

ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, స్నానపు సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టుపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. చిల్లర ఇబ్బందితో పలు కంపెనీలు రూ.5, రూ.10 ప్యాకెట్ల ధర తగ్గించకుండా గ్రాములు పెంచాయి. పన్ను తగ్గింపు మీ దాకా వచ్చిందా లేదా అన్నదీ ఆ గ్రాముల అంకెలోనే తెలుస్తుంది.

ఇంట్లో తరచూ కొనే ఐదారు సరుకుల ప్యాకెట్లను వెనుకవైపు ఈ రోజే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత అదే సరుకు కొన్నప్పుడు పక్కన పెట్టి చూస్తే ఎంత తరుగు పోయిందో మీకే తెలుస్తుంది.