తండ్రి కొలిచిన గింజలు, కూతురి గొంతులో గొట్టం

సెప్టెంబరు 13 దగ్గరపడిందంటే జతీన్ దాస్ మీద వ్యాసం పంపమని పత్రిక అనుబంధం వాళ్ల నుంచి కబురొస్తుంది. 1929లో లాహోర్ జైల్లో 63 రోజులు నిరాహార దీక్ష చేసి ఆయన కన్నుమూసిన రోజది. రాజకీయ ఖైదీలను మనుషుల్లా చూడమన్నందుకు జైలువాళ్లు ముక్కులో గొట్టం దూర్చి పాలు పోయబోయారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఈసారి నా ధ్యాసంతా ఆ గొట్టం మీదకు పోయింది.

వద్దన్నా తినిపించే విద్యను మనిషి ముందు పక్షుల మీదే నేర్చాడు. ఈజిప్టులో సక్కారా సమాధుల గోడల మీద, సుమారు 4,300 ఏళ్ల నాటి చెక్కడాల్లో, పెద్దబాతుల మెడ పట్టి ముద్దలు కుక్కే పనివాళ్లున్నారు. మెరెరూకా సమాధిలోనైతే హైనాలను వెల్లకిలా పడేసి మరీ పెడుతున్నారు. ఎందుకన్నది పండితులింకా తేల్చలేదు. రోమన్లు పెద్దబాతుల కాలేజం బలిసేందుకు అంజూరపండ్లు మేపారు. ఆ తర్వాతి శతాబ్దాలను ఒక్క గంతులో దాటేద్దాం. 19వ శతాబ్దానికి గొట్టం బ్రిటన్ పిచ్చాసుపత్రులకు చేరింది.

1909లో మారియన్ డన్‌లప్ అనే చిత్రకారిణి పార్లమెంటు గోడ మీద హక్కుల చట్టం వాక్యాన్ని అచ్చుగుద్ది జైలుకెళ్లింది. అన్నం మానేసింది, బయటపడింది. ఓటు కోసం పోరాడే ఆడవాళ్లంతా అదే దారి పట్టేసరికి, సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ జైల్లో గొట్టాలు వేయడం మొదలెట్టారు. ఇదంతా వైద్యమేనని సర్కారు సమర్థించుకుంది.

ఆ అక్టోబరులో న్యూకాజిల్‌లో లేడీ కాన్‌స్టన్స్ లిటన్ ఓ కారు మీద రాయి విసిరి అరెస్టయింది. గొట్టం వేయలేదు సరికదా గుండె పరీక్షించి, జబ్బుందని రెండు రోజులకే వదిలేశారు. ప్రభువుల ఇంటి బిడ్డ గుండె మరి! ఈ మర్యాద ఆమెకు ఒళ్లు మండించింది. జుట్టు కత్తిరించుకుంది, చౌకరకం కళ్లద్దాలు, వికారమైన టోపీ పెట్టుకుంది, జేన్ వార్టన్ అనే కుట్టుపనిమనిషినన్నది. 1910 జనవరిలో లివర్‌పూల్ వాల్టన్ జైలు. ఈసారి గుండె సంగతి అడిగిన నాథుడు లేడు. నలుగురు కదలకుండా పట్టుకుంటే గొంతులోకి గొట్టం దించారు. వాంతి చేసుకుంటే డాక్టరు చెంప మీద కొట్టాడని ఆమె తర్వాత రాసుకుంది. ఎనిమిదిసార్లు జరిగిందది. మధ్యలో ఎవరో నామమాత్రంగా ఛాతీ మీద చెవిపెట్టి, గుండె దివ్యంగా ఉందన్నారట. 1912లో పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోతే ఎడమచేత్తో పుస్తకం రాసింది.

ఈమె నాన్న మనకు తెలిసినవాడే. వైస్రాయ్ లిటన్. మన పెద్దలు ధాత కరువని చెప్పుకున్న 1876-78 కరువు ఆయన ఏలుబడిలోదే. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోతుంటే 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపించాడు. సాయం ఎక్కువైపోతోందని రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. ఆ దొర కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను, అంటే అరకిలో కూడా లేని గింజలు చాలన్నాడు. చాలవని అక్కడి వైద్యాధికారి డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు. అప్పటికి చిన్న కాన్‌స్టన్స్‌కు ఏడేళ్లు, ఇక్కడే పెరుగుతోంది. ఆమె తమ్ముడు విక్టర్ సిమ్లాలోనే పుట్టాడు. పెద్దయ్యాక బెంగాల్ గవర్నరయ్యాడు. అతని హయాంలోనే, 1925లో జైలుకెళ్లిన జతీన్ దాస్ మైమన్‌సింగ్‌లో మొదటిసారి అన్నం మానేశాడు. ఆ కుటుంబానికీ పస్తులకూ ఏం లంకె ఉందో గానీ నాకు అంతుచిక్కదు.

ఇక్కడి నుంచి వరస తప్పుతుంది. 1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట 58 రోజులు పస్తుండి ప్రాణం వదిలారు. ఆయన జోలికి గొట్టం రాలేదు, చెన్నపట్నం మీద పేచీతో ఢిల్లీ నిర్ణయమూ ఆలస్యమైంది. తెలిసి తిండి మానేసిన ఖైదీకి బలవంతంగా పెట్టొద్దని 1975లో టోక్యోలో ప్రపంచ వైద్యుల సంఘం తీర్మానించింది. అమెరికా వాళ్ల గ్వాంటనమో జైల్లో దాన్ని పట్టించుకున్నట్టు లేదు.

ఇంఫాల్‌లో సైన్యానికి ప్రత్యేక అధికారాలిచ్చే చట్టం పోవాలని ఇరోమ్ షర్మిల దాదాపు 16 ఏళ్లు ముక్కుకు గొట్టంతో బతికింది. 2016 ఆగస్టు 9న తేనె నాలుక్కి రాసుకుని దీక్ష విరమించింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో నిలబడితే 90 ఓట్లొచ్చాయి.