ఏ వరస?

మహారాష్ట్ర కొసన ఉన్న జిమల్‌గట్టలో కొత్త మనిషి బస్సు దిగి ఫలానా వాళ్ళిల్లెక్కడని అడిగితే, దారి చెప్పేముందు ఎదురు ప్రశ్న వస్తుంది: "వాళ్ళు మీకేమైతరు? ఏ వరస?" అదే ఊళ్ళో రాత్రి భజన దగ్గర ఎవరైనా కొత్త పాట ఎత్తుకోబోతే హార్మోనియం ముందు కూర్చున్నాయన కూడా అదే అడుగుతాడు: "ఏ వరస?" మొదటిదానికి జవాబు "వరసకు మామ". రెండోదానికి జవాబు ఏదో పాత సినిమా పాట. చుట్టరికానికీ పాట నడకకూ ఒకే మాట వాడుతున్నామని ఎవరికీ వింతగా తోచదు. నాకు తోచింది, అదీ చాలా ఆలస్యంగా, అమెరికా పాటల చరిత్ర చెప్పే ఒక రేడియో కార్యక్రమం వింటున్నప్పుడు.

మాటను ముందు కాస్త విప్పి చూద్దాం. పుస్తకాల్లో వరుస, నోట్లో వరస. చెట్ల వరస అంటే బారు. వరసపెట్టి వచ్చారంటే ఒకరి వెనక ఒకరు. మాటవరసకు అన్నానంటే పట్టించుకోవద్దని. నీ వరస బాగాలేదంటే నడవడి మీద ఫిర్యాదు. వావివరసలు సరే సరి. తమిళంలో ఇది వరిసై, కన్నడంలో వరసె. తమిళులు పెళ్ళికి పుట్టింటివాళ్ళు మోసుకొచ్చే సారెను సీర్‌వరిసై అంటారు. సంగీతం నేర్చుకునే పిల్లలు మొదట పట్టేవి సరళీ వరసలు, తర్వాత జంట వరసలు, దాటు వరసలు. అంటే స్వరాల బారు. ఆ బారే పాటంత పొడుగు సాగితే బాణీ అయిందనుకోవచ్చు. చుట్టరికమూ అంతే: తరాల బారులో ఎవరు ఎక్కడ నిలబడతారో చెప్పేది. మేనమామ కూతురు ఈ బారులో, చిన్నాన్న కూతురు ఆ బారులో. బారు తప్పితే పెళ్ళి కుదరదు.

ఈ మాటకున్న అన్ని పనుల్లోకీ నాకిష్టమైంది వరస కలుపుకోవడం. రక్తసంబంధం ఉండక్కర్లేదు. బస్సులో పక్కన కూర్చున్న ముసలామె ఊరూ ఇంటిపేరూ ఆరా తీసి, తన వదినగారి తోటికోడలిది మన ఊరేనని తేల్చి, దిగేలోగా "అల్లుడా" అనేస్తుంది. సిరొంచ తాలూకాలో సగం చుట్టరికాలు ప్రాణహిత అవతల, గోదావరి అవతల ఉంటాయి. రాష్ట్రాలు వేరు, రేషన్ కార్డులు వేరు. వరసలు మాత్రం నదులు దాటి కలుస్తాయి.

రేడియో కూడా మా వైపు అలాగే దాటేది. అటు నుంచి హైదరాబాద్ కేంద్రం, ఇటు నుంచి నాగపూర్ కేంద్రం, మధ్యలో వివిధ భారతి. మీడియం వేవ్ ముల్లు కొంచెం జరిపితే చాలు, తెలుగు పోయి మరాఠీ, మరాఠీ పోయి హిందీ. అడవి ఊళ్ళ మాడియా గోండీ మాత్రం ఆ పెట్టెలో వినపడేది కాదు.

ఇక ఆ కార్యక్రమం. పేరు అమెరికన్ రూట్స్. నిక్ స్పిట్జర్ అనే జానపద పరిశోధకుడు 1998 నుంచి న్యూ ఆర్లీన్స్‌లో తయారుచేస్తున్నాడు. ఒకే గంటలో జాజ్ బూరా, పశువుల కాపరి పాటా, చర్చి పాటా, మెక్సికో సరిహద్దు అకార్డియనూ పక్కపక్కన వినిపిస్తాడు. ఆయన చేసే పని, బస్సులో ముసలామె చేసే పని ఒకటే. ఈ పాటది ఏ ఊరు, ఆ పాట దీనికి ఏమవుతుంది, ఎక్కడ కలుస్తారు? వరస కలపడమే.

కలపాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, అక్కడి వ్యాపారులు ముందు విడగొట్టారు కాబట్టి. పాటల రకానికి వాళ్ళు వాడే మాట జాన్రా. ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనక లాటిన్ జెనుస్, దాని వేరూ మన జన, జన్మ, జాతుల వేరూ ఒకటే. జాన్రా అంటే అచ్చంగా జాతి. 1920లో మేమీ స్మిత్ పాడిన క్రేజీ బ్లూస్ రికార్డు ఓకే కంపెనీకి కుప్పతెప్పలుగా అమ్ముడుపోయింది. నల్లవాళ్ళూ రికార్డులు కొంటారని వ్యాపారులకు తెలిసింది. వెంటనే వాళ్ళ కోసం వేరే చిట్టా తెరిచారు. దానికి పెట్టిన పేరు రేస్ రికార్డ్స్, అంటే జాతి రికార్డులే. కొలంబియా కంపెనీ నల్లవాళ్ళ పాటలకు 14000 వరస నంబర్లు, కొండల్లోని తెల్లవాళ్ళ పాటలకు 15000 వరస నంబర్లు వేసింది. (అంకెలకూ మనం వాడేది వరసే, ఏం చేస్తాం.) ఆ చీలిక కాగితం మీద చాలాకాలం నడిచింది. బిల్‌బోర్డ్ పత్రిక 1949లో రేస్ అన్న మాట తీసేసి రిథమ్ అండ్ బ్లూస్ అని పెట్టింది. బోర్డు మారింది, గోడ మారలేదు.

గోడకు అటూ ఇటూ పాటలు మాత్రం ఎప్పుడూ బావామరదళ్ళే. జిమ్మీ రోజర్స్‌ను చూడండి. మిసిసిపీలోని మెరిడియన్ వాడు, రైళ్ళలో బ్రేకులు వేసే పని చేసినవాడు. ఇవాళ కంట్రీ సంగీతానికి తండ్రి అంటారు, తెల్లవాళ్ళ సంగీతానికి తండ్రి అన్నట్టే. ఆయన బ్లూ యోడెల్ పాటల చట్రమంతా నల్లకూలీల బ్లూస్, పైన చేర్చిన గొంతు విరుపు ఆల్ప్స్ కొండలది. 1930 జులై 16న హాలీవుడ్‌లో ఆయన తొమ్మిదో బ్లూ యోడెల్ పాడుతుంటే ట్రంపెట్ ఊదింది నల్లవాడైన జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో వాయించింది ఆయన భార్య లిల్. రికార్డు మీద ఇద్దరి పేర్లూ లేవు. పెళ్ళికి పిలిచి ఫొటోలో నిలబెట్టనట్టు! నలభై ఏళ్ళ తర్వాత, 1970లో, కంట్రీ గాయకుడు జానీ క్యాష్ తన టీవీ కార్యక్రమంలో ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పక్కన నిలబెట్టుకుని ఆ పాటే పాడాడు. మరుసటి ఏడు ఆర్మ్‌స్ట్రాంగ్ పోయాడు.

రోజర్స్ రికార్డులు కెన్యా దాకా పోయాయి. 1950లో జానపద పాటలు సేకరించే హ్యూ ట్రేసీ అక్కడి కిప్సిగిస్ పల్లెల్లో రికార్డు చేసిన పాటల్లో చెమిరోచా అనేది ఒకటి. జిమ్మీ రోజర్స్ అన్న పేరు ఆ నోళ్ళలో అలా తిరిగింది. రూపం మాత్రం సగం మనిషి, సగం లేడి. చెమిరోచా అని వింటే మన సిరొంచ పక్క ఊరేమో అనిపిస్తుంది. ముఖం కూడా చూడని గాయకుణ్ణి పిలిచి, కొమ్ములు తగిలించి, తమ తంత్రీవాద్యం మీద ఇంట్లో కలిపేసుకున్నారు ఆ పాట పాడిన కిప్సిగిస్ పిల్లలు. వరస కలుపుకోవడంలో అంతకు మించినవాళ్ళు మనలో కూడా లేరు.

కార్టర్ కుటుంబం సంగతి ఇంకా లోతు. వర్జీనియా కొండల్లోని ఈ తెల్లవాళ్ళ ఇంటి పాటల్ని 1927లో బ్రిస్టల్‌లో రికార్డు కంపెనీ మనిషి రాల్ఫ్ పీర్ మొదటిసారి రికార్డు చేశాడు. తర్వాత ఏ.పీ. కార్టర్ పాటలు ఏరడానికి ఊరూరా తిరిగాడు. ఆయన వెంట తిరిగినవాడు లెస్లీ రిడిల్, నల్లవాడు, ఒక కాలు లేనివాడు, మంచి గిటారు చెయ్యి. కార్టర్ మాటలు రాసుకునేవాడు, రిడిల్ వరస గుర్తుపెట్టుకునేవాడు. ఇంటికొచ్చి కార్టర్ ఆడవాళ్ళకు గిటారు మీద నేర్పేవాడు. మాటలు కాగితం మీదికెక్కాయి, కాగితం మీద పేరు కార్టర్‌ది. వరస రిడిల్ తలలో ఉంది. తలలో ఉన్నదానికి సంతకం ఎక్కడ పెడతారు?

ఆ కుటుంబమే 1930లో లోకం తగలబడే నాటి గురించి ఒక చర్చి పాట పాడింది. దాని వరసలోనే అంతకు రెండేళ్ళ ముందు ఒక ప్రేమపాట పాడి ఉన్నారు. 1940లో ఉడీ గత్రీ ఆ వరస మీదే దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్ కట్టాడు. ప్రళయం, ప్రేయసి, దేశం: మూడూ ఒకింటి పిల్లలు. బతుకమ్మ ఆడేవాళ్ళకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. ఉయ్యాలో అని ఒక వరస అందుకుంటే అందులో సీతమ్మ కథ చెప్పొచ్చు, అన్న పెట్టని చీర సంగతీ చెప్పొచ్చు.

ఇక్కడో తగాదా ఉంది. రే చార్లెస్ 1954లో ఒక చర్చి పాట వరసను పట్టి, దేవుడి చోట ఒక ఆడదాన్ని పెట్టి ఐ గాట్ ఎ వుమన్ పాడాడు. భక్తులు మండిపడ్డారు. మన దగ్గర రైలు ఎదురు నుంచి వస్తుంది: సినిమాలో చెట్ల చుట్టూ తిరిగిన పాట వరసలో సాయిబాబా భజన. పెద్దవాళ్ళు తిట్టే తిట్టు ఒకటే, "వావివరసలు లేవా?" నేను ఈ తగాదాలో రే చార్లెస్ పక్షమే, సాయిబాబా భజన పక్షం కూడా. వరసను అపవిత్రం చేయడం అయ్యే పని కాదు. పాడటం రాకపోతే పాడుచేయవచ్చు, అది వేరే నేరం.

వరసకు అచ్చం చుట్టంలా కనబడే మాట ఇంకొకటి మా వైపు రోజూ నలుగుతుంది. ఇంటి పెద్ద పోతే ఊరి భూముల లెక్కలు చూసే తలాఠీ దగ్గర, సాత్‌బారా అనే భూమి కాగితం మీద వారస్ నోంద్, అంటే హక్కుదారు పేరు నమోదు, చేయించాలి. వారస్ అంటే మరాఠీలో హక్కుదారు, వారసా అంటే సంక్రమించే ఆస్తి. తెలుగులో వారసుడు, వారసత్వం. ఈ వారసకూ మన వరసకూ ఏ చుట్టరికమూ లేదు. అది అరబ్బీ వారిస్, పారసీ కచేరీల మీదుగా వచ్చింది. ఇది ద్రావిడం. కాని రెండూ పక్కపక్కన పెడితే పాటల తగువులన్నీ అర్థమవుతాయి. వారసత్వం పంచితే తరుగుతుంది, అందుకే దానికి కాగితం, సాక్షులు, కోర్టు. వరస పంచితే చుట్టాలు పెరుగుతారు.

వరసల లెక్కలు గుర్తుపెట్టుకునే మనుషులూ వేరే ఉండేవారు. గోండుల్లో నాలుగు దేవుళ్ళవాళ్ళు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళవాళ్ళు అని పాయలు. ఒకే పాయలో పెళ్ళి చెల్లదు. ఏ ఇల్లు ఏ పాయదో, ఆ పాయ ఎలా పుట్టిందో పాడి చెప్పేవాళ్ళు పర్ధాన్లు, చేతిలో మూడు తీగల కిక్రి. తెలుగు కాపుల గోత్రాలు చెప్పే వంశరాజులదీ ఇదే వృత్తి. పశ్చిమ ఆఫ్రికాలో వంశాలు పాడే గ్రియోలు ఉన్నారు. ఆ తీరం నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ చేతుల్లోనే, సొరబుర్రకు తోలు బిగించిన వాద్యం అమెరికాలో బాంజో అయింది. తర్వాత అది తెల్ల కొండవాళ్ళ గుర్తుగా ముద్రపడింది. చుట్టరికం, పాట ఒకే నోట్లో ఉండటం మూడుచోట్లా ఉంది. వరస అన్న మాట ఆ రెండర్థాలనూ ఎందుకు మోస్తోందో నాకు ఇక్కడ కొంత తెలిసినట్టయింది. నిఘంటువు మాత్రం అంకెలు వేసి అర్థాలను వేరు చేస్తుంది, అది దాని పని.

ఇక జిమల్‌గట్ట వైపు బడి పిల్లలందరికీ వచ్చిన ఒక అమెరికా పాట. హమ్ హోంగే కామ్‌యాబ్. హిందీ చేసినవాడు గిరిజాకుమార్ మాథుర్. మూలం వీ షల్ ఓవర్‌కమ్. 1945లో చార్ల్‌స్టన్‌లోని చుట్టల ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది. కూలీల్లో ఎక్కువమంది నల్ల ఆడవాళ్ళు. పొద్దుపోయాక గేటు దగ్గర లూసిల్ సిమన్స్ అనే ఆమె ఒక పాత చర్చి పాటను బాగా సాగదీసి, నెమ్మదిగా ఎత్తుకునేది. పొగాకు కూలీల పాట తునికాకు కూలీల పిల్లల నోటికి ఎలా చేరిందో చూడండి. టెనెసీలోని హైలాండర్ బడిలో జిల్ఫియా హార్టన్ దాన్ని నేర్చుకుంది. ఆమె దగ్గర జానపద గాయకుడు పీట్ సీగర్ నేర్చాడు. 1960లో గై కారవాన్ అనే గాయకుడు నల్ల విద్యార్థుల సభలో పాడాక అది నల్లవాళ్ళ పౌరహక్కుల ఉద్యమమంతా పాకింది.

వ్యాపారులు మింగేస్తారన్న భయంతో హార్టన్, కారవాన్, సీగర్, ఫ్రాంక్ హామిల్టన్ల పేర కాపీరైట్ తీశారు. వచ్చిన డబ్బు దక్షిణాది నల్లవాళ్ళ పనులకు ఇచ్చారు. అంటే వరసను కాపాడటానికి వారస్ నోంద్ చేయించారన్నమాట. ఉద్దేశం మంచిదే. అయినా సిమన్స్ పేరు ఆ కాగితంలో లేదు. ఆ హక్కు చెల్లదని దావా వేస్తే 2018లో రాజీ కుదిరి పాట అందరిదయింది.

మరాఠీలో బాణీని చాల్ అంటారు, నడక. భజన పుస్తకాల్లో పాట నెత్తిన "చాల్" అని రాసి పాత పాట పేరు పెడతారు, మనవాళ్ళు "వరస" అని రాసినట్టే. రెండు మాటలూ తెలిసిన ఊరివాడిగా నాకు రెండూ కావాలి. సిమన్స్ ఆ పాటను నిలబడి సాగదీసింది. ఉద్యమంలో అది చేతులు పెనవేసుకుని ఊగే పాటైంది. మా పిల్లలు కవాతుకు సరిపడేంత వేగంగా, మూడో మాట దగ్గర నేలను తన్నుతూ పాడతారు. దాని చాల్ అడిగితే పీటీ మాస్టారు చెప్పగలడు. వరస అడిగితే మాత్రం చార్ల్‌స్టన్ గేటు దాకా, ఆ వెనక పేరులేని చర్చి బల్లల దాకా లెక్క తీయాలి, ఆ లెక్క తెలిసిన పర్ధాను మనకు ఇంకా దొరకలేదు.