తెగిన తీగను వెదికే విద్య: తంతి నుంచి ఈథర్‌నెట్ దాకా



"నెట్ రావడం లేదు." మన బడులలోని కంప్యూటరు గదులలో తరచుగా వినిపించే మాట ఇది. ఆ మాటతో గదికి తాళం పడుతుంది. మరమ్మతు చేసేవారు పట్నం నుంచి రావలసి ఉంటుంది; పిల్లలు తక్కువగా ఉన్న చిన్న బడి వంతు వారి వరుసలో చాలా వెనుక ఉంటుంది. ఇంట తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే మన కోలారు పిల్లలకు ఇది చిన్న నష్టం కాదు. తెలుగునాట ఒక ఊరి గ్రంథాలయంలో దొరికే నిఘంటువు, శతకం, కథల పుస్తకం మనకు అంత సులభంగా దొరకవు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, ఆ తరువాత వచ్చిన వికీసోర్స్, బ్రౌను నిఘంటువు మన పిల్లల చేతికి అందేది ఆ ఒక్క తీగ ద్వారానే. అందుచేత ఆ తీగలో దోషం ఎక్కడ ఉన్నదో వెదకడం కూడా తెలుగు బోధనలో ఒక భాగమేనని నా అభిప్రాయం.

ఇది ఇంజనీర్లకే తెలిసిన రహస్యం కాదు. నూట డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర గల విద్య. ఆ చరిత్ర తెలిస్తే పద్ధతి తనంతట తానే బోధపడుతుంది. అందుకే ముందు చరిత్ర, తరువాత పద్ధతి చెబుతాను.

మన జిల్లా తీగలు

బూదికోట అనగానే చరిత్ర పుస్తకాలు హైదరలీ పుట్టిన ఊరని చెప్పి ముందుకు సాగిపోతాయి. అయితే తీగల చరిత్రలో కూడా ఈ ప్రాంతానికి మంచి స్థానం ఉంది. 1902లో శివసముద్రం వద్ద కావేరి జలపాతం నుంచి పుట్టిన విద్యుత్తు 92 మైళ్లు, అంటే దాదాపు 148 కిలోమీటర్లు ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. ఆనాటికి ప్రపంచంలోని అతి దీర్ఘమైన విద్యుత్ మార్గాలలో అది ఒకటి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో. అంటే గనులకు విద్యుత్తు వచ్చిన మూడేళ్లకు. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి.

అంత పొడవైన తీగలో ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు దోషం రాక మానదు. 148 కిలోమీటర్లూ నడిచి చూడకుండా ఆ చోటును కనుగొనడం ఎలా? ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి.

రెండవ తీగ బూదికోటలోనిదే. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. అయినా 2002 చివర వచ్చిన విధానంలో సముదాయ రేడియో అనుమతి విద్యాసంస్థలకే పరిమితమైంది. పల్లె ప్రజల సంఘాలకు దొరకలేదు. గాలిలో దారి లేనప్పుడు బూదికోట తీగను ఆశ్రయించింది. వాయిసెస్, మైరాడా సంస్థల తోడ్పాటుతో, యునెస్కో సహాయంతో, స్వయం సహాయక సంఘాల స్త్రీల భాగస్వామ్యంతో 'నమ్మ ధ్వని' ఏర్పడింది. ఊరిలో తయారైన ధ్వని కార్యక్రమాలు 2003 నుంచి టీవీ కేబుల్ ద్వారా ఇళ్లకు చేరాయి. స్వచ్ఛంద సంస్థలకు కూడా రేడియో అనుమతి ఇవ్వవచ్చునని కేంద్ర ప్రభుత్వం 2006 నవంబరులో నిర్ణయించింది. అప్పటి మెదక్ జిల్లా పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి తెలుగు 'సంగం రేడియో' 2008 అక్టోబరు 15న ప్రారంభమైంది. దానికి అయిదేళ్ల ముందే బూదికోట గొంతు తీగలో ప్రయాణించింది.

కేబుల్ ఉన్న ఇంట్లో బొమ్మ రాకపోతే ఇల్లాలు మొదట ఏమి చేస్తుంది? గోడ మీదుగా పక్కింటి వారిని పిలిచి, "అక్కా, మీకు వస్తోందా?" అని అడుగుతుంది. పక్కింట్లో వస్తూ ఉంటే దోషం తన ఇంటి తీగలో ఉన్నది; రాకపోతే వీధి తీగలో ఉన్నది. ఒక్క ప్రశ్నతో వెదకవలసిన చోటు సగమైంది. మనం నేర్చుకోవలసిన శాస్త్రమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

తంతి నేర్పిన పాఠం

మన దేశంలో ఓషానెస్సీ అనే వైద్యుడు 1850-51లో కలకత్తా, డైమండ్ హార్బరుల మధ్య తంతి మార్గం వేయించాడు. తంతి వచ్చిన నాటి నుంచే దోషాన్వేషణ ఒక విద్యగా ఎదిగింది. 1843లో వీట్‌స్టన్ ప్రచారంలోకి తెచ్చిన నిరోధ మాపక వలయం ఇందుకు ముఖ్య సాధనమైంది. మంచి తీగ మైలుకు ఎంత నిరోధం చూపుతుందో ముందే రాసిపెట్టుకుంటే, తీగ భూమికి తగిలిన రోజున ఒక కొసన కూర్చుండి కొలిచి, దోషం ఎన్ని మైళ్ల దూరంలో ఉన్నదో లెక్క కట్టవచ్చు. ఇందాకటి ప్రశ్నకు జవాబు ఇదే. అయితే ఒక నియమం ఉంది: తీగ బాగున్న రోజునే దాని కొలతలు రాసి ఉంచుకోవాలి.

కొలవకుండా తొందరపడితే ఏమవుతుందో 1858 చెబుతుంది. ఆ ఆగస్టులో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి తంతి కేబుల్ పని చేసింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం దాటడానికి 16 గంటలు పట్టింది. సంకేతాలు బలహీనంగా ఉన్నాయని వైట్‌హౌస్ అనే అధికారి దాదాపు 2000 వోల్టుల ఒత్తిడి ప్రయోగించాడు. అసలే లోపాలున్న కేబుల్ కొద్ది వారాలలో పూర్తిగా మూగబోయింది. విలియం థామ్సన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు అంతకు ముందు నుంచీ చెబుతున్నది వేరు: ఒత్తిడి పెంచవద్దు, అతి స్వల్ప విద్యుత్తును కూడా పసిగట్టగల సున్నితమైన పరికరం వాడండి. 1866లో శాశ్వతమైన కేబుల్ నిలిచింది థామ్సన్ మార్గంలోనే.

మన కంప్యూటరు గదిలో నెట్ రాకపోతే అన్ని తీగలూ ఊడబీకి మళ్లీ గుచ్చడం, పది మీటలు నొక్కడం, చివరకు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తుడిచి మళ్లీ ఎక్కించడం, ఇవన్నీ వైట్‌హౌస్ మార్గాలు. ఒక్కోసారి నెట్ వస్తుంది కూడా. కాని దోషం ఎక్కడ ఉండినదో ఎవరికీ తెలియదు. వచ్చే వారం మళ్లీ అదే కథ.

ఈథర్‌నెట్, లినక్స్

నేటి బడి కంప్యూటరుకు తగిలించే తీగను ఈథర్‌నెట్ తీగ అంటారు. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దీనికి రూపమిచ్చారు. తొలినాళ్లలో గదిలోని యంత్రాలన్నీ ఒకే లావుపాటి తీగను పంచుకొనేవి. ఆ తీగ రెండు కొసలకూ బిరడాల వంటివి ఉండేవి. ఒక బిరడా ఊడినా, మధ్యలో ఒక కలుపు వదులైనా గది మొత్తం మూగబోయేది. తప్పు ఏ బల్ల దగ్గర ఉన్నదో తెలిసేది కాదు.

1990లో ప్రమాణంగా వచ్చిన కొత్త పద్ధతిలో ప్రతి యంత్రానికీ విడి తీగ ఏర్పడింది. ఎనిమిది సన్నని తీగలు నాలుగు జతలుగా పెనవేసుకొని ఉండే ఈ తీగలన్నీ మధ్యనున్న ఒక పెట్టెను చేరుతాయి. ఒకటి తెగితే ఒక యంత్రమే ఆగుతుంది. పైగా ఏ సమాచారమూ పోనప్పుడు కూడా రెండు కొసలూ సెకనుకు అరవై సార్లకు పైగా "ఉన్నావా?" "ఉన్నాను" అన్నట్లు సంకేతాలు ఇచ్చుకొనే ఏర్పాటు చేశారు. తీగ కొస దగ్గర వెలిగే చిన్న దీపం ఈ పలకరింపుకు గుర్తు.

1983లో పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్ వ్యవస్థ రూపొందింది. ఆ ఏడాది డిసెంబరులోనే మైక్ మూస్ అనే అమెరికా సైనిక పరిశోధనాలయ ఉద్యోగి, తన వలయంలోని ఒక దోషాన్ని పట్టుకోవడానికి 'పింగ్' అనే చిన్న ఆదేశం రాశాడు. జలాంతర్గాములను వెదికే సోనార్ పరికరం చేసే శబ్దం పేరే దానికి పెట్టాడు. మనం ఒక కేక వేస్తాము; అవతలివారు బదులు పలికితే అక్కడి దాకా దారి ఉన్నట్లు. పక్కింటి అక్కను పిలిచినట్లే! 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ మీద నడిచే కంప్యూటర్లలో ఇటువంటి సాధనాలు ఉచితంగా, అందరికీ అందుబాటులో ఉన్నాయి.

వెదికే వరుస

ఈ చరిత్ర నేర్పే వరుస ఇది. దగ్గర నుంచి దూరానికి వెళ్లాలి. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. చేసినది, చూసినది నోటుబుక్కులో రాయాలి. ఆదేశాలను ఆంగ్ల లిపిలో టైపు చేయాలని వేరే చెప్పనక్కరలేదు.

1. దీపం: తీగ గుచ్చిన చోట, రౌటరు వద్ద దీపాలు వెలుగుతున్నాయా? వెలగకపోతే మిగతా పరీక్షలు అప్పుడే వద్దు.

2. తీగ: పక్క యంత్రంలో పని చేస్తున్న తీగను తెచ్చి గుచ్చండి. దీపం వెలిగితే దోషం పాత తీగది. కొసన ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగి వదులుగా ఉండడం, బల్ల కాలి కింద నలగడం, ఎలుక కొరకడం సామాన్య కారణాలు. 100 మెగాబిట్ల వేగానికి 1, 2, 3, 6 సంఖ్యల తీగలు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. కనుక తీగ సగం చెడితే వేగం పడిపోవచ్చు, లేదా యంత్రాలు అసలు కలవకపోవచ్చు. ఒక తీగ పొడవు 100 మీటర్లు మించకూడదు.

3. యంత్రం: 'ఐపీ లింక్' ఆదేశం ఇవ్వండి. 'నో క్యారియర్' అని వస్తే కంప్యూటరుకు అవతలి పలకరింపు అందడం లేదు. మళ్లీ తీగ దగ్గరికి వెళ్లండి. పాత పుస్తకాలలో ఈ ద్వారం పేరు 'ఈటీహెచ్0' అని ఉంటుంది. 2013 తరువాతి లినక్స్ యంత్రాలలో చాలా వాటిలో 'ఈఎన్‌పీ3ఎస్0' వంటి పేరు కనిపిస్తుంది. కంగారు పడవద్దు.

4. చిరునామా: 'ఐపీ అడ్రస్' అని అడగండి. సాధారణంగా రౌటరు 192.168 వంటి అంకెలతో చిరునామా ఇస్తుంది. 169.254తో మొదలైతే ఎవరూ చిరునామా ఇవ్వక కంప్యూటరు తానే ఒకటి పెట్టుకున్నదని అర్థం. రౌటరును, అమరికలను చూడాలి.

5. గడప: 'ఐపీ రూట్' అని అడిగితే 'డిఫాల్ట్' అనే వరుసలో రౌటరు అంకె కనబడుతుంది. ఆ అంకెకు పింగ్ చేయండి. బదులు వస్తే ఈ యంత్రం నుంచి రౌటరు దాకా దారి క్షేమం.

6. వీధి: 8.8.8.8 అనే అంకెకు పింగ్ చేయండి. రౌటరు పలికి ఇది పలకకపోతే దోషం రౌటరు బయటి వైపు ఉండే అవకాశం ఎక్కువ. కొన్ని వలయాలు పింగ్‌ను అడ్డుకుంటాయి కనుక, ఏ దోషమూ లేని రోజున ఒకసారి పరీక్షించి రాసి పెట్టుకోండి.

7. పేరు: అంకె పలికి, తెలుగు వికీపీడియా పేరు మాత్రం తెరుచుకోకపోతే తీగలో దోషం లేదు; చూడవలసింది డీఎన్ఎస్ అమరికను.

భాషకు దీనితో ఏమి పని?

"నెట్ రావడం లేదు" అనేది ఫిర్యాదు. "రౌటరు దాకా పింగ్ అందుతోంది, బయటికి పోవడం లేదు" అనేది సాక్ష్యం. మొదటి మాటకు "చూస్తాం" అనే జవాబు వస్తుంది. రెండవ మాట చెప్పిన బడికి, ఎంత చిన్న బడి అయినా, అటువంటి జవాబు చెప్పి తప్పించుకోవడం కష్టం. రెండవ మాటను మన తెలుగు పిల్లవాడు తెలుగులోనే ఆలోచించి, తెలుగులో రాసి, కన్నడంలో అధికారికి వివరించగలడు. దీపం, తీగ, చిరునామా, గడప, వీధి, పేరు: ఈ మాటలలో వాడికి కొత్తది ఏదీ లేదు.

1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెబుతుంది. సౌకర్యం అంటే గది, పలక, పుస్తకం మాత్రమేనా? ఆ భాషలో పుస్తకాలను తెచ్చే తీగ కూడా కాదా? లినక్స్ మూలపాఠం అందరికీ తెరచి ఉన్నది కనుక, దాని తెరలను తెలుగులోకి మార్చే పనిని 2000ల దశకం నుంచి హైదరాబాదులోని 'స్వేచ్ఛ' వంటి బృందాలు చేపట్టాయి. యంత్రం తెలుగులో పలికే ఏర్పాటు వారు చేశారు. యంత్రం మూగబోయినప్పుడు ప్రశ్నించడం నేర్పవలసినది మనం.

కాబట్టి నా మనవి ఇది. పై ఏడు మెట్లను ఒక అట్టపై పెద్ద అక్షరాలతో రాయించి కంప్యూటరు గది గోడకు తగిలించండి. నెట్ బాగా వస్తున్న ఒక రోజున ఏడు మెట్లనూ పిల్లల చేత చేయించి, వచ్చిన ఫలితాలను తేదీ వేసి నోటుబుక్కులో రాయించండి. తల్లిదండ్రులు ఇంట్లో కేబుల్ ఆగిన రోజున, "పక్కింట్లో వస్తోందేమో కనుక్కొని రా" అని బిడ్డను పంపి, తిరిగి వచ్చాక "దీన్నిబట్టి ఏమి తెలిసింది?" అని ఒక్క ప్రశ్న అడగండి.

స్వస్తి.