మెరుపుకూ ఉరుముకూ నడుమ: బోథ్ బడుల్లో భయం, భౌతికశాస్త్రం

విజ్ఞానశాస్త్ర బోధనలో భావోద్వేగాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన విద్యా పరిశోధన ఆసక్తి, ఆనందం, అభిరుచి దగ్గరే ఆగిపోతోంది. భయాన్ని మాత్రం ముందుగా తొలగించాల్సిన అడ్డంకిగా లెక్కగడుతోంది. ఆదిలాబాద్ జిల్లా బోథ్ మండలంలోని ఉన్నత పాఠశాలల్లో రెండు వానాకాలాలు తరగతులు గమనించాక ఈ లెక్క తలకిందులైందని నాకు తోచింది. ఇక్కడి పిల్లలకు శాస్త్రం భయం దగ్గరే మొదలవుతుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

నా తగాదా ప్రధానంగా 1982లో పోస్నర్, స్ట్రైక్, హ్యూసన్, గెర్ట్‌జోగ్ ప్రతిపాదించిన భావనల మార్పు సిద్ధాంతంతో. పాత భావన మీద అసంతృప్తి కలగాలి. కొత్తది అర్థం కావాలి, నమ్మదగినదిగా తోచాలి, ముందుముందు పనికిరావాలి అన్నారు వారు. ఇందులో భావోద్వేగపు వేడి లేదని 1993లో పింట్రిచ్, ఆయన సహచరులు విమర్శించినా, వారు చేర్చింది లక్ష్యాలు, ప్రేరణ, ఆత్మవిశ్వాసం వరకే. పోస్నర్ బృందం దృష్టిలో విద్యార్థి ఒక చిన్న శాస్త్రవేత్త. సిద్ధాంతంలో లోపం కనబడితే దాన్ని మార్చుకుంటాడు. నేను చూసిన పిల్లల్లో ఎవరికీ పాత నమ్మకం మీద అసంతృప్తి లేదు. వాళ్లకున్నది చేనుకు పోయిన అమ్మ గురించిన బెంగ.

మెరుపులు, పిడుగుల గురించి చెప్పే ఎనిమిదో తరగతి ‘కొన్ని సహజ దృగ్విషయాలు’ పాఠాన్నే తీసుకుందాం. ఏటా వానలు మొదలయ్యేసరికి ఆదిలాబాద్ పత్తిచేన్లలో పిడుగుపాటు మరణాల వార్తలు వస్తాయి. ఒక బడిలో ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద మేఘం గీసి విద్యుదావేశాలు గుర్తిస్తుండగా బయట ఉరిమింది. కిటికీ దగ్గరికి పోయిన అమ్మాయిని కూర్చోమన్నారు. కూర్చుంది గానీ, గంట కొట్టేదాకా ఆమె కళ్లు బల్ల మీదికి రాలేదు.

మరో బడిలో అదే పాఠం వేరుగా సాగింది. “ఇప్పుడు మీ ఇంట్లోవాళ్లు ఎక్కడున్నరు? ఉరిమితే ఏం చేస్తరు?” అని ఉపాధ్యాయుడు అడిగారు. అర్జునుడి పేర్లు తలుచుకుంటామన్నారు కొందరు. ఇప్పచెట్టు కిందికి పోతారని ఒక గోండు పిల్లవాడు తన భాషలో చెప్తే పక్కవాడు తెలుగులోకి మార్చాడు. అంతలో మెరిసింది. అందరూ కలిసి లెక్కపెట్టారు. తొమ్మిది దగ్గర ఉరుము వినబడింది. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, అంటే మూడు సెకన్లకు సుమారు కిలోమీటరు. పిడుగు 3 కిలోమీటర్ల దూరంలో ఉందని తేలింది. తర్వాతి మెరుపుకు ఆరే వచ్చింది. “గది మా చేను దిక్కు వస్తున్నదా సార్?” అన్నాడు ఒకడు. తరగతిలో ఆ రోజు పుట్టిన మొదటి పరికల్పన అది. మెరుపే ముందెందుకు కనబడుతుంది, ఎత్తైన చెట్టు మీదే ఎందుకు పడుతుంది అన్న ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. లెక్క ముప్పై లోపు వస్తే చెట్టు కింద నిలబడకుండా పక్కా ఇంట్లోకి పోవాలన్న మాటను పిల్లలు ఇంటికి మోసుకుపోయారు. అర్జునుడి పేర్లు ఎవరూ మానలేదు. అవి తలుచుకుంటూనే సెకన్లు లెక్కపెట్టారు. పాతది పోతేనే కొత్తది నిలుస్తుందన్న పోస్నర్ బృందం సూత్రం ఈ తరగతి గడప దాటి లోపలికి రాలేదు.

ఉపాధ్యాయుడంటే ఉండే భయం పిల్లల నోరు కట్టేస్తుందన్నది నిజమే గానీ, అది పాఠంలోని వస్తువు పుట్టించే భయం కాదు. నా ప్రతిపాదన ఈ రెండో భయం గురించే.

మన పాఠ్యపుస్తకాల విద్యా ప్రమాణాల్లో అభినందనకూ సౌందర్యాత్మక స్పృహకూ చోటుంది. భయానికి లేదు. పాము, గ్రహణం, వానాకాలపు విషజ్వరాలు: ఈ ప్రాంతపు పిల్లవాడికి ప్రకృతి ముందుగా ఎదురయ్యేది ఇలాగే. 1943లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు చదువు ఇంటి భాషలో సాగాలన్నది గుర్తించారు. భయం కూడా ఇంటి భాషే. విజ్ఞానశాస్త్ర పాఠ్యప్రణాళిక మొత్తాన్ని అక్కణ్ణుంచే తిరగరాయాలి. ప్రతి అధ్యాయంలో మొదటి ప్రశ్న “దీన్ని చూస్తే మీ ఇంట్లో ఎవరికి, ఎందుకు భయం?” అన్నదై ఉండాలి.