ఇల్లు వీడాల్సింది ఉప్పెనకు ముందే

అవనిగడ్డ: 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో వేలాది మంది అసువులు బాశారు. గాలికన్నా సముద్రపు నీరే ఎక్కువ ప్రాణాలను బలిగొంది. అనంతర కాలంలో తీర గ్రామాల్లో తుపాను రక్షిత భవనాలు వెలిశాయి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం సమీపంలోనే మరో పెను తుపాను తీరం దాటింది. లక్షలాది మందిని ముందే తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యిలోపే నిలిచింది.

భవనం ఉంటే చాలదు, వేళకు చేరాలి. నీరు కమ్మితే దారులుండవు. రేవులో ఎగిరే ప్రమాద సూచిక ప్రధానంగా నావికుల కోసం. దానికై వేచి ఉండక, రెవెన్యూ సిబ్బంది చెప్పగానే కదలాలి. పశువుల కట్లు విప్పాలి. పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, మందులు ప్లాస్టిక్ సంచిలో భద్రపరచుకోవాలి. తుపాను కన్ను దాటేవేళ గాలి హఠాత్తుగా ఆగుతుంది. అది నమ్మి బయటకు రారాదు. కొద్దిసేపటికే ఎదురు దిశ నుంచి విరుచుకుపడుతుంది. జిల్లా కంట్రోల్ రూం నంబరు 1077.